ఆ పాత ల్యాప్‌టాప్ మూత విప్పే ముందు

ఊరగాయలూ చీరలూ పిల్లల పెళ్లిళ్లూ ఎప్పుడూ ఉండే ముచ్చట్లే. ఈసారి కాస్త స్క్రూల, చిప్పుల సంగతి మాట్లాడుకుందాం. అప్పుడే పేజీ తిప్పేయకండి. ఇది మన పర్సుకు సంబంధించిన విషయం, మన మాట చెల్లే విషయం కూడాను.

2020లో లాక్‌డౌన్ పెట్టి బళ్లు మూసేసినప్పుడు చాలా ఇళ్లల్లోకి హడావుడిగా ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆగకూడదని షాపులో ఏది ఉంటే అది తెచ్చుకున్నాం. తక్కువ ధరలో దొరికిన వాటిలో చాలా మటుకు ఒకే అచ్చు: ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. తరవాత పిల్లాడు ఇంజినీరింగ్‌లో చేరాడు, వాడికి కొత్తది కొన్నారు. పాతది ఎవరికొచ్చింది? ఇంకెవరికి, మనకే! “నీకేం పనుంటుందిలే, ఇది చాలు” అన్న మాటతో సహా వచ్చింది.

ఆ “చాలు” అన్న ల్యాప్‌టాప్ మీదే ఇప్పుడు మీలో ఒకరు నాలుగు కొట్ల లెక్కలు టాలీలో రాస్తున్నారు. ఒకరు ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు టైపు చేస్తున్నారు, ఇంకొకరు డీఎస్సీ కోసం వీడియో పాఠాలు వింటున్నారు. అదేమో బటన్ నొక్కి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చక్రం తిప్పుతూనే ఉంటుంది. విసుగొచ్చి ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు: దాని పనైపోయింది, కొత్తది కొనాల్సిందే. లేకపోతే వీధి చివర షాపుకి పంపిస్తారు. అక్కడ ఏం తీశారో ఏం పెట్టారో తెలియకుండానే బిల్లు వస్తుంది.

రెండూ వద్దమ్మా. మూత ఎవరు విప్పినా సరే, లోపల ఏముందో, ఏం తక్కువైందో ముందు మనకి తెలియాలి. దానికి కంప్యూటరు చదువేమీ అక్కర్లేదు, ఒక చీటీ చాలు. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. మాట్లాడుకుంటూనే రాసేసుకుందాం.

ముందు అసలు తేడా ఏమిటో చూద్దాం. మీ కుట్టుమిషన్ బల్లనే తలుచుకోండి. బీరువాలో మడతపెట్టి దాచిన గుడ్డలన్నీ నిల్వ, అంటే హార్డ్‌డిస్క్. ఇప్పుడు కుట్టడానికి బల్ల మీద పరుచుకున్నది ర్యామ్. బీరువా ఎంత పెద్దదైనా బల్ల జానెడే ఉంటే ఏం లాభం? ఒక చెయ్యి కుట్టి, ఆ గుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టి, ఇంకో ముక్క తెచ్చి పరుచుకోవాలి. మళ్లీ మొదటిది కావాలంటే మళ్లీ బీరువా దాకా పోవాలి. ల్యాప్‌టాప్ కూడా అచ్చంగా అదే చేస్తుంది. 4 జీబీలో సగం దాకా విండోస్‌కే పోతుంది, కొంత తెర బొమ్మల పనికి పోతుంది. మీరు క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి, జూమ్ పెట్టి, ఎక్సెల్ తెరిచారంటే బల్ల నిండిపోతుంది. నిండినప్పుడు అది ర్యామ్‌లోని సరుకును డిస్కు మీదికి పంపి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ డిస్కే నిదానమైతే? ఆ తిరిగే చక్రం వెనకాల కథంతా ఇదే. ఒక్కోసారి తప్పు ర్యామ్‌ది, ఒక్కోసారి డిస్కుది. తక్కువ ధర వాటిలో చాలాసార్లు రెండిటిదీ.

ఎవరి తప్పో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోటికి వెళ్లండి. ముందు రోజూ వాడేవన్నీ తెరిచి పెట్టుకోవాలి సుమా, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే నిజం తెలియదు. మెమరీ ఎనభై, తొంభై శాతం దగ్గరే ఉండిపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం. డిస్కు పదే పదే నూరు శాతానికి చేరి అక్కడే కూర్చుంటే, దాని పేరు పక్కన హెచ్‌డీడీ (అంటే తిరిగే హార్డ్‌డిస్క్) అని ఉంటే, అసలు దొంగ దొరికినట్టే. ఎస్‌ఎస్‌డీ (అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కు) అని ఉందంటే మీకు డిస్కు మార్చే పని లేదు, ర్యామ్ సంగతి చూసుకుంటే సరిపోతుంది.

చీటీలో రాసుకోండి: ఒకటి, అడుగున స్టిక్కరు మీదున్న పూర్తి మోడల్ నంబరు. రెండు, డిస్కు రకం, ఎన్ని జీబీలు. మూడు, ర్యామ్ ఎంత, దాని వేగం ఎంత. నాలుగు, స్లాట్స్ యూజ్డ్ అన్నచోట ఏముందో. ‘1 ఆఫ్ 2’ అని ఉంటే ఇంకో గది ఖాళీగా ఉండొచ్చు. ఫామ్ ఫ్యాక్టర్ అన్నచోట ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారని గుర్తు. ఈ లెక్క ఒక్కోసారి తప్పు చూపిస్తుంది కాబట్టి మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ కూడా చూడండి. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో బొమ్మలతో సహా అందులో ఉంటుంది.

ఇక రెండిటికీ డబ్బు లేదు, ముందు ఏది మార్చాలంటారా? లోపల తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే కళ్లు మూసుకుని ముందు దాన్నే మార్చండి. ఎందుకో చెబుతాను. ఈ హార్డ్‌డిస్కుల్లో ఎక్కువ వాటిలో లోపలి బిళ్ల నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక సన్నని పుల్ల ఆ బిళ్ల మీద అటూ ఇటూ జరిగి, కావలసిన చోటు కిందికి వచ్చేదాకా ఆగి, అప్పుడు చదువుతుంది. ఒక్కో ముక్కకి పది పదిహేను మిల్లీసెకన్లు. వినడానికి తక్కువే గానీ, విండోస్ తెరుచుకోవాలంటే వేలకు వేల చిన్న ముక్కలు వెతకాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ ఉండదు, అన్నీ చిప్పులే. ముక్క దొరకడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. అందుకే అదే ప్రాసెసరు, అదే 4 జీబీ ర్యామ్ ఉన్నా, ఎస్‌ఎస్‌డీ పడగానే నిమిషాలు పట్టే పని సెకన్లలోకి వస్తుంది. ర్యామ్ నిండి సరుకు డిస్కుకి పోయినా, తెచ్చుకోవడం తొందరగా అవుతుంది కాబట్టి ఆ బాధ కూడా సగం తగ్గుతుంది.

ఈ చిప్పుల వెనక ఒక మనిషి కథ ఉంది, మీకు చెప్పాలనిపిస్తోంది. ఫుజియో మసువోకా అని జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజినీరు. ఇవాళ మన ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో, ఎస్‌ఎస్‌డీల్లో ఉన్న నాండ్ ఫ్లాష్‌ని 1987లో లోకానికి చూపించింది ఆయన బృందమే. లోకమంతా దాని మీద డబ్బు చేసుకుంది గానీ, తన వాటా కోసం ఆయన సొంత పాత కంపెనీ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. వంద కోట్ల యెన్లు అడిగితే 2006లో 8.7 కోట్ల యెన్లకి రాజీ కుదిరింది. పని చేసేదొకరు, పేరూ డబ్బూ ఇంకొకరికి. ఇది మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదులెండి!

సరే, ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలి? ఇక్కడే షాపువాడు మనల్ని తికమక పెట్టేది. నిజానికి మూడే రకాలు గుర్తుంచుకుంటే చాలు. హార్డ్‌డిస్క్ ఉన్న చోటే, అదే ఆకారంలో కూర్చునేది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. రెండోది ఎం.2, చూయింగ్ గమ్ పట్టీ అంత సన్నగా ఉంటుంది. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని. 2242 అంటే పొడవు 42. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి పొట్టిదే పడుతుంది, పొడుగుది తెస్తే స్క్రూ వేసే చోటుండదు. ఈ ఎం.2లో మళ్లీ సాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు. చూడ్డానికి అక్కాచెల్లెళ్లే గానీ ఒకరి గదిలో ఒకరు ఇమడకపోవచ్చు. ఏది పడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. చీటీలో ఐదో మాటగా అది రాసుకోండి. మూడో రకం ఈఎంఎంసీ. అది బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు.

సాటా రకం సెకనుకి 550 ఎంబీ దాకా చదువుతుంది. మామూలు ఎన్‌వీఎంఈ రెండు వేలు, మూడు వేలు కూడా దాటుతుంది. అలాగని మీ ల్యాప్‌టాప్‌కి సాటా మాత్రమే పడుతుందంటే దిగులు పడకండి. పాత హార్డ్‌డిస్క్ సెకనుకి వంద చదివితే గొప్ప. వర్డు, ఎక్సెల్, బ్రౌజరు వాడే మనకి సాటాకీ ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా కంటికి ఆనదు. హార్డ్‌డిస్క్ నుంచి సాటాకి మారినప్పుడు వచ్చే తేడా మాత్రం ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఎన్ని జీబీలంటే, 256తో సరిపెట్టుకోవచ్చు గానీ పిల్లల ఫొటోలూ వీడియోలూ ఉన్న ఇంటికి 500 గానీ 512 గానీ సుఖం. పెట్టించాక 512కి బదులు 476 అనే కనిపిస్తుంది. షాపువాడితో తగాదా పడకండి, మోసం కాదు. కంపెనీవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. “ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందట కదక్కా” అని అడుగుతారు కొందరు. ఉదాహరణకి సామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీనే తీసుకోండి. దానికి 5 ఏళ్లు గానీ 300 టీబీ రాసేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు వారంటీ. రోజుకి 20 జీబీ రాసినా 300 టీబీ అవడానికి నలభై ఏళ్లు పడుతుంది. అరుగుదల గురించి బెంగ పెట్టుకోకండి. కానీ అది చెడిపోయే రోజు చప్పుడు చేసి హెచ్చరించదు, అందులోంచి ఫైళ్లు వెనక్కి తీయడం కష్టం కూడా. కాబట్టి ముఖ్యమైనవి ఇంకో చోట కూడా ఉండాల్సిందే.

ఇప్పుడు ర్యామ్. ఇక్కడ తరం చూసుకోవాలి: డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5. ఒక తరానిది ఇంకో తరం గదిలో పట్టదు, మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా తోస్తే గది విరుగుతుంది. 2020 నాటివి చాలా మటుకు డీడీఆర్4. ల్యాప్‌టాప్‌కి వేసే పొట్టి ముక్కని సోడిమ్ అంటారు, షాపులో అలాగే అడగండి. వేగం వేరువేరు ముక్కలు కలిపితే రెండూ నిదానమైనదాని వేగంతోనే నడుస్తాయి, కాబట్టి పెద్ద నంబరు కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఉన్న 4 జీబీకి జతగా ఇంకో 4 వేస్తే 8 అవుతుంది. రోజువారీ పనికి ఇది చాలు. పైగా రెండు ముక్కలు జంటగా పనిచేస్తాయి కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌కి తెర పని కూడా తేలికవుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో వాడే అమ్మాయి, వీడియోలు ఎడిట్ చేసే చెల్లెలు ఉంటే 16 గురించి ఆలోచించండి. లెనోవో ఐడియాప్యాడ్ 3 వరుసలో కొన్నింట్లో 4 జీబీ బోర్డుకే అతికించి, పక్కన ఒక్క గది ఇచ్చారు. అందులో 8 జీబీ వేస్తే 12 అవుతుంది. ప్రాసెసరు ఎంతవరకు మోయగలదో కూడా చూడాలి. సెలెరాన్ ఎన్4000కి ఇంటెల్ చెప్పిన హద్దు 8 జీబీయే.

ర్యామ్ ధరల గురించి ఒక మాట. ఏఐ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు పోతుండటంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఎవరో ఎప్పుడో కొన్న ధర పట్టుకుని షాపుకి వెళ్లకండి. నాలుగు చోట్ల ఆ రోజు ధర కనుక్కోండి. డీడీఆర్4కి వాడిన ముక్కలు కూడా దొరుకుతాయి. పెట్టి, ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో పూర్తిగా కనిపించాకే డబ్బులివ్వండి.

కొన్నిటికి మాత్రం ఏం చేసినా లాభం లేదని కూడా చెప్పాలి కదా. 2023లో వచ్చిన జియోబుక్‌లో 4 జీబీ ఎల్‌పీడీడీఆర్4 ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ. మెమరీ కార్డు వేసుకోవడం తప్ప లోపల పెంచేదేమీ లేదు. ఇంకో సంగతి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి పైకి ఉండాలి. ఐ3-10 అని మొదలయ్యే 2020 ల్యాప్‌టాప్ అయితే గట్టెక్కినట్టే. ఐ3-7020యూ లాంటి 7వ తరానిదైతే డబ్బు పెట్టే ముందు ఒకసారి ఆగి ఆలోచించండి. లినక్స్ మింట్ వేసుకుని బ్రౌజరు, లిబ్రే ఆఫీసుతో సరిపెట్టుకునేవాళ్లకి అదీ ఒక దారే. టాలీ మీద బతికేవాళ్లకి అది కుదరకపోవచ్చు. కీబోర్డు పైకి ఉబికినట్టుంటే, మౌస్ ప్యాడ్ నొక్కుకోకపోతే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు వేగం సంగతి తరవాత, ముందు వాడటం ఆపి బ్యాటరీ మార్పించండి.

విప్పే ముందు మూడు పనులు. మొదటిది, ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకో క్లౌడ్‌లోకో కాపీ చేసుకోవడం. రెండోది, బిట్‌లాకర్ తాళం ఉందేమో చూడటం. మనకి తెలియకుండానే అది పడి ఉంటుంది కొన్నిట్లో. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, చీటీ వెనకాల రాసుకోండి. అది లేకపోతే పాత డిస్కులో మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. మూడోది, పాత డిస్కుని యథాతథంగా కొత్తదానిలోకి దించాలా, లేక విండోస్ కొత్తగా వేసుకోవాలా అని తేల్చుకోవడం. ఏళ్ల తరబడి చెత్త పేరుకున్న ల్యాప్‌టాప్‌కి కొత్తగా వేసుకోవడమే మేలు. 8 జీబీ పెన్‌డ్రైవు, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ ఉంటే సరిపోతుంది. “లైసెన్స్ పోతుంది, కొత్తది కొనాలి” అని ఎవరైనా అంటే నమ్మకండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కు మారినంత మాత్రాన పోదు.

ఇంట్లోనే చేద్దామన్న ధైర్యం ఉంటే మంచిదే. షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, ఏదైనా ఇనప వస్తువు ముట్టుకుని ఒంట్లో కరెంటు పోగొట్టుకోండి. సన్నని స్టార్ స్క్రూడ్రైవరు కావాలి. కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి. పొడుగువీ పొట్టివీ కలవకుండా ఏ చోటివి ఆ చోటే కాగితం మీద వరసగా పెట్టుకోండి. మూత అంచుల్ని పాత ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపాలి, స్క్రూడ్రైవరుతో పెకలించకూడదు. తెరవగానే బ్యాటరీ తీగ విడదీయండి. ర్యామ్ ముక్క ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా టక్కుమంటుంది. అయిపోయినట్టే.

భయమైతే షాపుకి వెళ్లండి, తప్పేం లేదు. సికింద్రాబాద్‌లోనైతే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణానికి దుకాణం ఆనుకుని ఉంటుంది, నాలుగు ధరలు కనుక్కోవడం తేలిక. ఎక్కడికెళ్లినా మూడు పట్టింపులు వదలకండి. ల్యాప్‌టాప్ ఇచ్చేసి సాయంత్రం రావడం కాదు, స్టూలు అడిగి ఎదురుగా కూర్చుని చేయించుకోండి, గంట లోపు పని. కొత్త ముక్క సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. కొత్త ఎస్‌ఎస్‌డీని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో చూడమనండి. పవర్ ఆన్ అవర్స్ వేలల్లో ఉందంటే కొత్తదన్న పేరుతో పాతది అంటగడుతున్నారని అర్థం. ల్యాప్‌టాప్ ఇంకా వారంటీలో ఉంటే మూత విప్పితే ఏమవుతుందో ముందే కంపెనీని అడిగేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, తీసిన పాత హార్డ్‌డిస్క్ ఇంటికి తెచ్చుకోండి. “ఇదెందుకమ్మా, ఇక్కడే వదిలేయండి, వంద తగ్గిస్తా” అంటారు. వద్దు. అందులో మన పిల్లల ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. డిలీట్ కొట్టినవి కూడా మళ్లీ బయటికి తీయగలిగేవాళ్లుంటారు. కొన్ని వందల రూపాయలకి దొరికే యూఎస్‌బీ కేసులో దాన్ని పెడితే ఫొటోలు దాచుకునే డిస్కు అవుతుంది. ఎవరికైనా ఇవ్వాలంటే క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేసి ఇవ్వండి. గంటలు పడుతుంది గానీ మొత్తం మీద సున్నాలు రాసేస్తుంది.

ఇంట్లో దీనికి డబ్బు అడగాలంటే మొహమాటపడతారు మీలో చాలామంది, నాకు తెలుసు. “ఎలాగో నడుస్తోందిగా” అని మనమే అనేస్తాం. ఆ నడవడంలో రోజుకి అరగంట పోతే అది ఎవరి అరగంట? వంట చేసి, బట్టలు ఆరేసి, అందరూ పడుకున్నాక మిగిలిన టైములోంచే కదా! కొత్త ల్యాప్‌టాప్ అడగడం లేదు, దాని ఖరీదులో చిన్న ముక్క అడుగుతున్నాం. సంపాదనకో చదువుకో వాడే పనిముట్టు మీద పెట్టే ఖర్చు అది. గట్టిగానే అడగండి.

ఈ రాత్రికి ఆ మూడు బటన్లూ నొక్కి చీటీ పూర్తి చేయండి. “స్లో అయిపోయింది, చూడన్నా” అంటే షాపతను ఏది చెబితే అది వినాలి. “డీడీఆర్4 సోడిమ్ 4 జీబీ ఒకటి, సాటా ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఒకటి, ఎంతవుతుంది?” అని చీటీ చూసి అడిగితే అతనికి ధర చెప్పడం తప్ప వేరే మాట ఉండదు. మరి చీటీలో ఏమొచ్చిందో నాకూ రాయండర్రా. తికమకగా ఉన్నవాటిని వచ్చే నెల మనం కూర్చుని విడదీద్దాం.